లిఫ్టు అవతలి గొంతు

పంజాగుట్టలో మా ఆఫీసున్న భవనంలో ఒక మధ్యాహ్నం లిఫ్టు మూడో అంతస్తు దాటాక ఆగిపోయింది. లోపల నేనొక్కదాన్నే. లైటు కూడా పోయింది. అలారం నొక్కి చీకట్లో నిలబడ్డాను. కాసేపటికి తలుపు అవతల ఎవరో మాట్లాడారు.

“ఫికర్ చెయ్యకు బేటా. తలుపు నెట్టకు. గోడకు ఆనుకొని కూసో. నేనీడనే ఉన్న.” చిన్న దగ్గు. “జర ఓపిక పట్టు.”

ఆ గొంతు నాకు తెలుసు. ఆ మనిషి పోయి నాలుగు నెలలైంది.

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. కొత్త మెకానిక్కులు ఫోన్లో చూసి పని నేర్చుకునేలా వీడియో పాఠాలు తయారుచెయ్యడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళ అనుభవమున్న పెద్ద మెకానిక్ ఒకాయన ఉండేవారు. అందరం భాయ్ అనేవాళ్ళం. ఆయన రిటైరయ్యేలోగా తెలిసిందంతా రికార్డు చెయ్యమన్నారు మేనేజరు. పదకొండు పాఠాలయ్యాయి. పన్నెండోది తీయాల్సిన రోజు పొద్దున అమీర్‌పేట మెట్రో మెట్లెక్కుతూ కూలిపోయారు. గుండెపోటు. లిఫ్టులో చిక్కుకున్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో చెప్పిన పాఠంలో ఆయన దగ్గు తీసెయ్యడానికి నాకు చెయ్యాడలేదు.

తలుపు అవతల అడుగుల చప్పుడు పైనున్న మోటారు గది వైపు వెళ్ళింది. లిఫ్టు మెల్లగా కిందికి జారి ఆగింది. అడుగులు మళ్ళీ దిగొచ్చాయి. తలుపు తెరుచుకుంది. ఎదురుగా, సిరిసిల్ల నుంచి వచ్చి నెల కిందట చేరిన మెకానిక్. ఇంకెవరూ లేరు.

“ఇందాక మాట్లాడిందెవరు?”

“నేనే మేడం. బేటా అన్న, ఏమనుకోకుండ్రి. రోజూ హాస్టల్ల గా పాఠాలే ఇంటుంట. గదే నోటికొచ్చింది.”

“మరి ఆ దగ్గు?”

“నేను దగ్గిన్నా?” అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “భాయ్‌ని ఒక్కసారి కలిపియ్యండ్రి మేడం. అడిగేటియి మస్తున్నయి.”

“ఆయన లేరండీ.”

“ఛుట్టీల ఉన్నడా?”

“చనిపోయారు. మీరు చేరకముందే.”

అతను మెట్ల మీద కూలబడ్డాడు. “నిన్న సుత నాకు చెప్పిండు గదా,” అన్నాడు మెల్లగా.

ఆరు నెలల తర్వాత మిగిలిపోయిన ఆ పన్నెండో పాఠం అతనితోనే రికార్డు చేశాం. ఎడిట్ చేస్తూ కళ్ళు మూసుకుని విన్నాను. తర్వాత తెర మీద ఎవరున్నారో కళ్ళు తెరిచి చూసుకోవాల్సి వచ్చింది. హెడ్‌ఫోన్లు పక్క సీటావిడకిచ్చాను.

“భాయ్‌ది పాత రికార్డింగ్ ఏదైనా దొరికిందా ఏంటి?” అందామె.

తెర ఆమె వైపు తిప్పాను. సాయంత్రానికి పాఠం అందరి ఫోన్లకూ వెళ్ళిపోయింది.