ఎముకదాకా ఉడికిన కోడి

మా ముత్తాత పద్నాలుగు ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన దర్బారుకు వెళితే కుర్చీ వేసేవారు. మా తాత వేట నుంచి తిరిగొచ్చిన రోజున గడిలో అరవై మందికి వంట జరిగేది. ఆ వంటకు నాలుగు రాగి గుండిగలు ఉండేవి. అన్నిటికంటే పెద్దదాన్ని పొయ్యి మీద నుంచి దించాలంటే నలుగురు మనుషులు పట్టాలి. మాంసానికి మా ఇంట్లో ఒక మర్యాద ఉండేది. పొద్దున కోసింది మధ్యాహ్నం లోపల పొయ్యి ఎక్కాలి. మూడు నీళ్ళతో కడగాలి, ఉప్పూ పసుపూ పట్టించి పక్కన పెట్టాలి, ఆ తర్వాత నిప్పుల మీద సన్నని సెగన మగ్గనివ్వాలి. నిన్నటి మాంసం మా వంటింటి గడప తొక్కలేదు. గుండిగలు తప్ప ఇవేవీ నేను చూసినవి కావు, నాయనమ్మ చెప్పినవి. కళ్ళతో చూసినవాటికంటే గట్టిగా నమ్మాను.

కరోనా వచ్చిన రెండో చలికాలంలో నేనూ మా చెల్లెలూ జర్మనీలోని జీగెన్‌లో మాస్టర్స్ చదువుతున్నాం. మూడు గదుల ఇల్లు. మూడో గదిలో ఉండే అమ్మాయిది సిరిసిల్ల దగ్గర ఊరు. వాళ్ళ నాన్నకు చికెన్ సెంటర్ ఉంది. ఆ మాట ఆమె వచ్చిన మొదటి రోజే దాపరికం లేకుండా చెప్పింది. నేను "ఓహో" అని ఊరుకున్నాను. లాక్‌డౌన్‌తో మూతపడేదాకా ఆమె యూనివర్సిటీ క్యాంటీన్ వంటింట్లో వారానికి మూడు రోజులు పనిచేసేది. మామూలుగా నన్ను అక్కా అనేది. నా మాట కాస్త పైనుంచి వచ్చిందనిపిస్తే మాత్రం దొరసానక్కా అనేది.

చెల్లెలికి పాజిటివ్ వచ్చింది. ముగ్గురం గడప దాటకూడదని ఆరోగ్య శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. చెల్లెలికి వాసన పోయింది, రుచి పోయింది. నాలుగు రోజులపాటు టీ, రెండు బిస్కెట్లు, అంతే. బాత్రూంకు వెళ్ళాలన్నా గోడ పట్టుకుని నడిచేది. ఫోన్‌లో డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది: బలమైనది ఏదైనా లోపలికి పోవాలి, కానీ కడుపు చెడకూడదు. ఈ నీరసంలో విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రిలో చేర్చక తప్పదు. ఆ రోజుల్లో ఆస్పత్రి అంటే తలుపు అవతల వదిలేసి రావడమే. పక్కన కూర్చోనివ్వరు.

ఐదో రోజు పొద్దున్నే తలుపు వెనక నుంచి చెల్లెలు అంది, "అక్కా, కోడి పులుసు తాగాలనుంది."

అంతకుముందు రోజే క్లాసులో తోటి విద్యార్థి ఒకతను మా గుమ్మం ముందు సంచి పెట్టి వెళ్ళాడు. ఉల్లిగడ్డలు, నిమ్మకాయలు, గడ్డకట్టిన కోడికాళ్ళు రెండు ప్యాకెట్లు. గడ్డకట్టిన మాంసాన్ని నేనెప్పుడూ కొనలేదు. అది తినే మనుషులు వేరని అనుకునేదాన్ని. కానీ ఆ వేళ ఎంచుకునే వీలు లేదు. ఎనిమిదింటికి ఒక ప్యాకెట్ విప్పి, కాళ్ళను పళ్ళెంలో పేర్చి, మూత పెట్టి, గదిని వెచ్చబెట్టే హీటర్ మీద పెట్టాను. కరిగితేనే కదా కడగడం, పసుపు పట్టించడం. మంచుగడ్డను కుండలో వేయడం మొరటు మనుషుల పని అని నా లెక్క.

మూడు గంటలప్పుడు ఆన్‌లైన్ క్లాసు ముగించుకుని సిరిసిల్ల అమ్మాయి గదిలోంచి వచ్చింది. మాస్కు కిందికి లాగి వాసన చూసింది.

"ఏందక్కా ఇది? ఎప్పటి సంది ఉన్నదీడ?"

"పొద్దున ఎనిమిది నుంచి. నెమ్మదిగా కరుగుతోంది."

ఆమె మూత తీసి వేలితో నొక్కింది. "పైన కాగి మెత్తగయింది. ఎముక కాడ ఇంకా గడ్డనే. పొద్దంతా హీటర్ మీద కూసోబెట్టి పురుగులకు దావత్ ఇచ్చినవ్."

నేను నోరు తెరిచేలోపే పళ్ళెంలోది రెండు కవర్లలో వేసి ముడి వేసి బాల్కనీలో మంచులో పెట్టేసింది. చెత్త డబ్బా దగ్గరికి వెళ్ళడానికి కూడా మాకు అనుమతి లేదు మరి.

"మా ఇంట్లో అన్నం పారేసే అలవాటు లేదు," అన్నాను.

"మా ఇంట్ల పానం మీదికి తెచ్చే అలవాటు లేదు, దొరసానక్కా." సబ్బుతో చేతులు కడుక్కుని ఫ్రీజర్ తెరిచింది. "ఇంకో ప్యాకెట్ ఉన్నది గదా. గట్లనే వండుత."

"గడ్డతోనా? చెల్లికి ఒంట్లో ఓపిక లేదు. ఏమైనా అయితే?"

"గడ్డ కట్టింది విషం గాదక్కా. ఎముకదాకా ఉడకకపోతేనే విషం. పూరా కోడైతే నేనే వద్దంటుంటి. ఇవి ఇడి ఇడి కాళ్ళు. మంచిగ ఉడుకుతయ్."

"మరి కడగవా?"

"కడుగుతే సింకంత చిందుతది. ఉడుకు నీళ్ళ కంటే మంచిగ కడిగేటిది ఏమున్నది?"

నేను గుమ్మంలో నిలబడిపోయాను. లోపలికి వెళ్ళలేదు, వెనక్కీ రాలేదు. ఆమె వెడల్పాటి గిన్నెలో నీళ్ళు తెర్లనిచ్చి కాళ్ళను ఒకదాని మీద ఒకటి పడకుండా వేసింది. మంట పెద్దదిగానే ఉంచింది. నేను ఉండబట్టలేక సన్నని సెగ మీద మగ్గనివ్వమన్నాను.

"తాజా మాంసానికి గట్లనే మంచిగుంటది. దీన్ని సన్నగ పెడితే మళ్ళ మీ హీటరే అయితది. ముందు జల్ది గడ్డ ఇడవాలె."

గడ్డ విడిచాక చాకుతో ఒక్కో కాలికీ ఎముకదాకా గాట్లు పెట్టింది. ఆ గాట్లలోకి ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి వెళ్ళేలా, అవి కలిపిన ఉడుకు నీళ్ళను గిన్నెలోనే గరిటెతో పోసింది. ఉప్పూ పసుపూ పట్టించే మా వంటింటి మర్యాద తప్పలేదు. వరస మాత్రం మారింది. ముప్పావు గంటకు ముక్క అంచులు ఎముక నుంచి విడవడం కనిపించింది, నాకు ఉడికినట్టే అనిపించింది. గిన్నె అందుకోబోయాను.

"ఆగు." గదిలోకి వెళ్ళి సన్నటి సూది ఉన్న థర్మామీటర్ తెచ్చింది. క్యాంటీన్‌లో పనికి చేరినప్పుడు సొంతానికి కొనుక్కున్నదట. ఎముకకు తగలకుండా లావుగా ఉన్నచోట గుచ్చింది. అరవై ఆరు డిగ్రీలు. మూత పెట్టేసింది. "డెబ్బై అయిదు దాటాలె. మామూలుగ పట్టే టైముకు సగం ఎక్కువ పడుతది."

ఇంకో పావుగంటకు మళ్ళీ చూసింది. ఎనభై రెండు. నేను అయిపోయిందనుకున్నాను. ఆమె సూది కడిగి రెండో కాలికి గుచ్చింది, మూడోదానికి గుచ్చింది. గిన్నెలో ఉన్న ఏడింటినీ చూసింది. ఆఖరుది డెబ్బై మూడు చూపిస్తే దాని ఒక్కదాని కోసం మరో పది నిమిషాలు స్టవ్ ఆపలేదు.

"ఆ ఒక్కటి మనం తిందాం. పులుసు చెల్లికి పోసేద్దాం," అన్నాను. లోపల చెల్లెలు దగ్గుతోంది.

"పులుసు గూడ గా గిన్నెలదే గదా," అంది, స్టవ్ మీంచి కళ్ళు తిప్పకుండా. "మా బాపు దుకాణం బంద్ చేసేటప్పుడు కోడి కొట్టే మొద్దును ఉడుకు నీళ్ళతోని, ఉప్పుతోని రుద్దుతడు. ఎవ్వరు సూడరు. అయినా రోజూ రుద్దుతడు."

మా గడిలో అరవై మందికి వడ్డించిన సంగతి వందసార్లు విన్నాను. ఆ అరవై మందిలో చివరివాడి ముక్క ఉడికిందో లేదో ఎవరైనా చూశారా అన్నది నాయనమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ సాయంత్రం స్టవ్ ముందు మాస్కుతో నిటారుగా నిలబడిన ఆ చికెన్ సెంటర్ వాళ్ళమ్మాయిలో, నేను చిన్నప్పటి నుంచి మా వాళ్ళలో ఊహించుకున్న దర్జా కనిపించింది. పద్నాలుగు ఊళ్ళ మీద పెత్తనం కంటే, ఏడో కాలు కోసం పది నిమిషాలు ఆగడం పెద్దదని నాకు తోచింది.

ఆరు గంటలకు గది ముందు కుర్చీ మీద గిన్నె పెట్టి వెనక్కి జరిగాం. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. కాసేపటికి స్పూను చప్పుడు ఆగింది.

"రుచి తెలుస్తోందా?" అన్నాను.

"లేదు. కానీ వెచ్చగా ఉంది. ఇంకొంచెం ఉందా?"

మర్నాడు పొద్దున్నే చెల్లెలు లేచేదాకా ఆ తలుపు ముందే కూర్చున్నాను. కడుపులో నొప్పి లేదంది. విరేచనాలు లేవంది. ఆకలేస్తోందంది. గోడ పట్టుకోకుండా బాత్రూం దాకా నడిచింది.

వంటింట్లో ఆమె నిన్నటి గిన్నె తోముతోంది. పక్కన నిలబడి తుడిచే గుడ్డ అందుకున్నాను. ఆ ఇంట్లో నేను ఆమె గిన్నెలు తుడవడం అదే మొదటిసారి. ఆమె ఒకసారి చూసి, తోమిన గిన్నె నా చేతికిచ్చింది.

"నీ చేతి వంట మా గుండిగల్లో ఉడకాల్సింది," అన్నాను.

"అబ్బో! దొరసానక్క మెచ్చుకున్నది, ఇంక నాకు సర్టిఫికెట్ ఎందుకు?" అని నవ్వింది. "ఇంటికి పోయినంక చూపిస్తవా మరి? ఉన్నయా అవి?"

అంతకుముందు ఎవరు అడిగినా ఉన్నాయనే చెప్పేదాన్ని. ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాక, లేవన్నాను. మా ఇద్దరి జర్మనీ వీసాలకు బ్యాంకులో చూపించాల్సిన డబ్బులో తక్కువ పడిన దానికోసం, మేం బయల్దేరిన ఏడాది ఆ నాలుగు గుండిగలనూ తూకానికి అమ్మేశాం.