జ్వరం తగ్గినంక నాకు పిచ్చి అన్నరు

ఆ పొద్దు ఒక పెండ్లిపిల్ల జాకెట్టు కుడుతున్న. చూసుకుంటే రెండు చేతులూ ఒకే దిక్కువి కత్తిరించిన. నా పెండ్లికి ముందు సంది మిషన్ తొక్కుతున్న, అసొంటి తప్పు ఎన్నడూ చెయ్యలే. జరసేపటికి వణుకు పట్టింది. బయట ఉక్కపోత, నేనేమో దుప్పట్ల కింద పండ్లు కటకట కొట్టుకుంటుంటె పండుకున్న.

మాది కాగజ్‌నగర్. అంతకుముందే అడవి దిక్కున్న మా చెల్లె ఊరికి పోయి వచ్చిన. వానకాలం, దోమలు మస్తుగ ఉండె.

మా ఆయన వాళ్లన్న ఆర్‌ఎంపీ డాక్టరు. మా గల్లీ చివర్ల ఆయన క్లినిక్. ఇంట్ల ఎవరికి ఏమొచ్చినా ఆ బావనే చూసేది. మా బాపు చిన్నప్పుడే పోయిండు, గందుకే బావను తండ్రి లెక్క చూసుకున్న.

"టైఫాయిడ్ రూతూ. ఫికర్ చెయ్యకు, సెలైన్ ఎక్కిస్తే లేస్తవ్" అన్నడు.

చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, మా దిక్కు మలేరియా ఉన్నది. రక్తపరీక్ష చేయించుకో" అన్నది. బావకు చెప్పిన.

"నీ చెల్లె డాక్టరా? నా మీద నమ్మకం లేదా?" అన్నడు. నమ్మకం ఉన్నది కాబట్టే ఊకున్న.

జ్వరం వచ్చుడు, చెమట పట్టి తగ్గుడు, మళ్లా వచ్చుడు. తర్వాత తలకాయ పగిలిపోయేటంత నొప్పి, వాంతులు. ఒకనాడు పొద్దుగాల మా ఆయనను పట్టుకొని "బాపూ" అని పిలిచిన్నట. అక్కడి నుంచి నాకేం యాదికి లేదు. మిగిలింది నన్ను కన్న మా అవ్వ చెప్పింది.

ఫిట్స్ వచ్చినయి. బావ ఇంకో సెలైన్ తీసిండట. నన్ను చూసిపోదామని వచ్చిన అవ్వ ఆ సీసా అవతల పెట్టి, "నా బిడ్డను నేను తీస్కపోత" అని అంబులెన్స్ పిలిచింది. మంచిర్యాలల వేలికి సూది పొడిచి చూసిండ్రు. మలేరియా, అండ్ల పానం తీసే ఫాల్సిపారం రకం. అట్లనే కరీంనగర్ పంపిండ్రు.

ఐసీయూల డాక్టరమ్మ అవ్వతోని, "సెరిబ్రల్ మలేరియా అమ్మా. కోమాలో ఉంది. ఇంకా ముందే తీసుకురావాల్సింది" అన్నది. మలేరియాను సంపే ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు మొదలుపెట్టింది.

తెలివి వచ్చేసరికి చేతులు మంచానికి కట్టి ఉన్నయి. గొంతు ఎండిపోయింది. నీళ్ల సీసా కనవడుతుంది, దాని పేరు నోటికి రాదు. "కత్తెర, కత్తెర" అంటున్న. అవ్వ ఏడ్చుకుంట నోట్ల నీళ్లు పోసింది. వార్డుకు మార్చినంక మళ్లా ఫిట్స్ వచ్చి, తిరిగి ఐసీయూకు పోయిన.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ మా ఆయనను, అవ్వను పిలిచింది.

"మలేరియా సోకిన రక్తకణాలు మెదడులో సన్నటి రక్తనాళాలకు అతుక్కుని దారి మూసేస్తాయి. దాంతో వాపు వస్తుంది. న్యూరాన్స్ ఒక్కటే కాదు, వాటికి తిండి అందించి కాపాడే సపోర్ట్ సెల్స్ కూడా దెబ్బతింటాయి. గ్లియల్ సెల్స్ అంటాం. అవి కోలుకోవడానికి టైం పడుతుంది. అప్పటిదాకా మరుపు, కోపం, వణుకు ఉండొచ్చు. ఇది పిచ్చి కాదు. ఇంట్లో వాళ్లు అర్థం చేసుకోవాలి."

మా ఆయన తలకాయ ఊపిండు. మంచం మీదికెళ్లి నేను చూసిన.

ఇంటికొచ్చినంక ఆమె చెప్పినట్టే అయింది. సూదిల దారం ఎక్కియ్యరాలే. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేదాన్ని. ఊరికెనే ఏడుపు, లేకుంటే గిన్నెలు ఇసిరికొట్టేటంత కోపం. నా చెయ్యి నా మాట ఇంటలేదు.

ఒక ఆదివారం చర్చిల ప్రార్థన అయినంక మా ఇంట్ల చుట్టాలందరు కూసున్నరు. చాయ్ కప్పు నా చేతులకెళ్లి జారి పగిలింది. అందరి ముందల బావ అన్నడు: "ఈమెకు మొదటి సంది తలకాయ బాగలేదు. మేమే దాచుకుంట వచ్చినం. జ్వరం ఉత్త సాకు."

నేను మా ఆయన దిక్కు చూసిన. డాక్టరమ్మ చెప్తుంటే పక్కనే నిలబడి విన్నోడు. కింద పడ్డ పెంకులు ఏరుకుంట కూసున్నడు.

అందరు పోయినంక అడిగిన. "నువ్వు విన్నవ్ కదా. ఎందుకు చెప్పలే?"

"చెప్తే అన్న పేరు ఖరాబైతది రూతూ. క్లినిక్ మీదనే ఆయన బతుకుతున్నడు."

"మరి నా పేరు?"

తెల్లారి అవ్వను పిలిపించుకొని చొప్పదండికి, తల్లిగారింటికి వచ్చేసిన. బావ సూది కన్నా, ఆయన ఊకునుడే నాకు ఎక్కువ తాకింది. బావ తెలియక చేసిండని మొదట్ల అనుకున్న. ఈయనకు తెలుసు.

ఇప్పుడు ఫిట్స్ లేవు, డాక్టరమ్మ గోళీలు తగ్గించుకుంట వస్తుంది. మొదట్ల దిండు గలీబులు కుట్టిన, ఇప్పుడు జాకెట్లు కుడుతున్న. పేర్లు ఇంకా అప్పుడప్పుడు మర్చిపోత. కోపం తగ్గింది గని, ఇంట్ల వాళ్ల మీదున్నది తగ్గలే. అది మలేరియాది కాదు.

ఈ నడుమ మా ఆయన వచ్చి, "ఇంటికి వస్తవా?" అని అడిగిండు.

"డాక్టరమ్మ చెప్పింది మీ అన్న ముందల చెప్పు. ఆనాడు వస్త" అన్న.

చాయ్ సగంల ఇడిచిపెట్టి లేచి పోయిండు. మళ్లా రాలే.

ఇది చదివేటోళ్లకు ఒక్కటే చెప్త. జ్వరం వస్తే మొదటి రోజే మలేరియా పరీక్ష చేయించుకోండ్రి. లేదని వచ్చినా జ్వరం పోకుంటే మళ్లా చేయించుండ్రి. సూది పట్టుకున్నోడు మీ సొంతోడైనా సరే, ఆయన మనసు నొచ్చుకుంటదని మాత్రం ఆగకుండ్రి.