లీయమ్మ మింగిన మాత్ర

దర్జీల ‘రేపు’ ఏ క్యాలెండర్‌లోనూ దొరకదంటారు. బీదర్ మంగల్‌పేటలో లీయమ్మ శనివారం ఇస్తానంటే మాత్రం శనివారమే, హుక్కులతో సహా. నోరు కాస్త కరుకు. “ఈ రంగు నీకు నప్పది బిడ్డా” అని గిరాకీ మొహమ్మీదే చెప్పేది. అయినా పక్క ఊరు జనవాడ నుంచి కూడా బట్టలు మోసుకొచ్చేవారు. మాట తప్పని మనిషన్న పేరే ముప్పై ఏళ్లుగా ఆమె ఆస్తి.

ఈ ఏడాది ఆ పేరుకు గండం వచ్చింది. ఒళ్లు ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, మిషన్ మీదే కునుకు పట్టేది. ఒక పెళ్లికూతురి జాకెట్టు పెళ్లైన రెండో రోజుకు అందింది. సిగ్గుతో లీయమ్మ ఆ వీధి వైపు పోవడమే మానేసింది. పదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది, రక్త పరీక్ష చూస్తే అసలు వేసుకోనట్టే ఉంది.

“మాత్రలు మానేశారా?” అని అడిగాడు డాక్టర్ బసవరాజ్.

“రోజూ ఏస్కుంటున్న సార్.”

పక్కనున్న భర్త సుందరం దగ్గాడు. పెళ్లైన కొత్తలో ఆమెకు మలేరియా వచ్చింది. మింగానని చెప్పిన మాత్రలు పదకొండు కుట్టుమిషన్ సొరుగులో దొరికాయి. పాలు తెమ్మంటే మర్చిపోయే మొగుళ్లకు ఇలాంటివి మాత్రం చచ్చినా గుర్తుంటాయి.

దగ్గరుండి మింగించమని డాక్టర్ చెప్పడంతో మర్నాటి నుంచి కాపలా మొదలైంది. పొద్దున్నే ఆయన టార్చిలైటు పట్టుకొని నిలబడేవాడు.

“ఆ అను. నాలిక లేపు.”

“నేనేమన్న దొంగనా అయ్యా?”

“డాక్టర్ చెప్పిండు గద. జర తెరువు.”

హోటల్లో చాయ్‌కి ఆలస్యమవుతుందని థైరాయిడ్, ఐరన్, కాల్షియం మాత్రలు మూడూ ఒకే గుక్కలో మింగించేవాడు. ఒక్కసారి చూస్తే పనైపోతుంది కదా. ఒకరోజు పక్కింటి షైనీ గోడ మీంచి ఈ తతంగం చూసి నవ్వింది. లీయమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది.

ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేస్తే సంగతి ఇంకా చెడింది.

“నిజం చెప్పండమ్మా, వేసుకోవట్లేదు కదూ?”

“ఏస్కుంటున్నది సార్,” అన్నాడు సుందరం. “రోజూ నా కండ్లతోని చూస్తున్న.”

డాక్టర్ కళ్లద్దాల మీంచి చూశాడు. “ఇద్దరూ కూడబలుక్కొని వచ్చారా?”

సుందరం చెవులు ఎర్రబడ్డాయి. ముప్పై రెండేళ్ల సర్కారు నౌకరీలో ఆయన్ని అబద్ధాలకోరని అన్నవాళ్లు లేరు.

లీయమ్మకు ఒళ్లు మండింది. “ఇంకేం చూపియ్యాలె సార్? నోరు చూపిచ్చిన. కడుపు గూడ కోసి చూస్కోండ్రి. సోలాపూర్ల ఒకపారి కోసి, అన్నం తిత్తి సగం తీసేసిండ్రు. ఉన్న సగంల దేవులాడుండ్రి.”

డాక్టర్ కలం కింద పెట్టాడు. “ఆపరేషనా? ఎప్పుడు?”

“పోయినేడు. లోపల పుండు పగిలింది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“మీరు గొంతు గడ్డకు డాక్టర్ గద సార్,” అన్నాడు సుందరం. “కడుపు ఫైలు బీరువల భద్రంగ ఉంది. వాళ్లిచ్చిన ఐరన్, కాల్షియం గూడ దీంతోనే ఒక్క గుక్కల ఏస్కుంటది.”

డాక్టర్ తల పట్టుకున్నాడు. ఈ మాత్ర కరిగి ఒంటపట్టాలంటే కడుపులో యాసిడ్ పులుపు ఉండాలి, సగం పోయాక ఆ పులుపూ తగ్గింది. దాని వెంటే ఐరన్, కాల్షియం పడితే అవి దాన్ని పట్టేసుకొని ఒంటికి చేరనివ్వవు.

“మూడూ కలిపి మింగమని ఎవరు చెప్పారు?”

లీయమ్మ భర్త వైపు చూసిందంతే.

డాక్టర్ మోతాదు పెంచాడు. పరగడుపున అదొక్కటే వేసుకొని, మిగతావి నాలుగు గంటలాగి వేసుకోవాలన్నాడు. ఆరు వారాలకు మళ్లీ రక్తం చూపించమన్నాడు.

ఇద్దరూ ఇంటికి ఆటో ఎక్కారు.

“జాకెట్లు ఆలస్యమైనోళ్లకు నేనే ఫోన్ జేస్త. నీ తప్పు గాదని చెప్త,” అన్నాడు సుందరం.

“చెప్పు.”

“తప్పైంది లీయా.”

“డాక్టర్ నమ్మకపోతె నీకెట్లుండె?”

“పానం సచ్చినట్లయింది.”

“ఒక్క నిమిషానికే?” అంది లీయమ్మ.