కొత్త బారెలూ, మా కుసుమ పంతమూ

మా తోడికోడలు కుసుమకుమారి గురించి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తరవాతే గర్వం వస్తుంది. ఈ వరస మార్చడం నా వల్ల కాదు. ఆ మనిషి ఏ పనీ మామూలుగా చెయ్యదు మరి. నాట్లు వేయించినా, పులిహోర కలిపినా, తుపాకీ పేల్చినా, తను అనుకున్నట్టు కుదిరేదాకా పక్కవాళ్ళకి ఊపిరి సలపనివ్వదు.

అవును, తుపాకీయే. రాయచూరు పక్కన మట్మారి దగ్గర, ఆంధ్రా నుంచి వచ్చిన రైతులుండే మా క్యాంపులో అందరం వరి పండించుకునేవాళ్ళం. మా మామగారు గోదావరి జిల్లా నుంచి వచ్చి, తుంగభద్ర కాలవ చివర నల్లరేగడి కొన్నారు. అలాంటి ఇంట్లోకి తుపాకీ ఎలా వచ్చిందంటే, అదంతా మా మరిది నాగేంద్రబాబు బద్ధకం. రాయచూరులో మామూలు జనానికి రైఫిల్ నేర్పుతున్నారని విని, ముందూ వెనకా చూడకుండా పేరు రాయించుకొచ్చాడు. తీరా వెళ్ళాల్సిన రోజున కోత మిషన్ వచ్చింది. "నువ్వెళ్ళి నేను రానని చెప్పిరావే" అని పెళ్ళాన్ని పంపాడు. ఆవిడ వెళ్ళింది. చెప్పింది. చెప్పిన నోటితోనే, "ఎలాగూ వచ్చాను కదా, ఒకసారి కొట్టి చూస్తాను" అని చీర కొంగు బిగించి గోనెసంచి మీద బోర్లా పడుకుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా మరిది పేరు కొట్టేసి, ఆ జాగాలో తన పేరు రాయించుకుంది!

ఆ తరవాత క్లబ్బులో చేరింది. పడుకుని యాభై మీటర్ల దూరాన కాగితం మీద నల్లటి గుండ్రాన్ని కొట్టే పోటీ ఆవిడది. జిల్లా తరఫున బెంగుళూరు వెళ్ళి పతకాలు తెచ్చింది. దేవుడి గదిలో అమ్మవారి పటానికి ఒక పక్క పసుపు కుంకాలు, ఇంకో పక్క ఆ పతకాలు. చుట్టాలొస్తే మా మరిది అవే ముందు చూపిస్తాడు, సిగ్గులేకుండా.

ఆవిడ వాడే క్లబ్బు రైఫిల్‌కి బారెల్, అంటే తూటా వెళ్ళే గొట్టం, అరిగిపోయిందని పోయిన దసరాకి ముందు కొత్తది వేశారు. బిగించింది కిష్టయ్య. యరగేర మనిషి, క్లబ్బులో తుపాకుల మరమ్మతంతా ఆయనదే. మర్నాడే ఆయుధపూజ. తుపాకులన్నీ బల్ల మీద వరసగా పేర్చి, విభూతి పెట్టి, బంతిపూలు వేసి, బూడిదగుమ్మడికాయ కొట్టారు. మనవాళ్ళ పద్ధతి వేరు కదా, కుసుమ ఇంటి దగ్గరే అక్షింతలు కలుపుకుని తెచ్చింది. కొత్త బారెల్ అని ముద్దు కూడానూ. దోసెడు తీసి దాని మీద పోసి దణ్ణం పెట్టుకుంది.

పండగ వెళ్ళిపోయింది. సాధన మొదలుపెట్టింది. ఇక చూడండి తిప్పలు! మొదటి గుండ్లు ఒకచోటే పడతాయి. కాసేపయ్యేసరికి ఒకదాని తరవాత ఒకటి పైకి పాకుతాయి. దీపావళి దాటగానే జిల్లా జట్టు ఎంపిక. ఆడవాళ్ళలో ఉన్నది ఒకే ఒక్క చోటు. ఇన్నేళ్ళుగా అది కుసుమదే.

క్లబ్బులో నేర్పించే గురురాజ్ సారు కాగితం చూసి తల గోక్కున్నాడు. రాయచూరు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఆ మెత్తదనమే మంట పుట్టించింది.

"మేడమ్, బుర్ర ఖరాబు చేసుకోకండి. ఒకసారి కండ్ల డాక్టర్‌కు చూపిచ్చుకోండి. వయసు గూడ అయితుంది గద. టీముల మీ జాగ మేఘకు ఇద్దామంటున్నరు కమిటీ వోల్లు."

మేఘ రాయచూరు పిల్ల, కాలేజీలో చదువుతోంది, బాగానే కొడుతుంది. పిల్ల మీద మాకేం కోపం లేదు. కానీ కళ్ళు పోయాయన్న మాట ఒకసారి ఊళ్ళో పడితే ఇంకేముంది? మళ్ళీ ఆవిడని ఆ గోనెసంచి మీద పడుకోనిస్తారా?

ఇంటికొచ్చాక మా మరిది ఊరుకోవచ్చుగా! "అద్దాలొచ్చే వయసేలేవే" అన్నాడు. అంతే, కుసుమ ఒంటికాలి మీద లేచింది.

"నా కళ్ళదే తప్పయితే నేనే తప్పుకుంటాను. ఒకళ్ళు చెప్పక్కర్లేదు. కాదని తేలితే మాత్రం ఎవరూ నోరెత్తకూడదు!" అని, నా వైపు తిరిగి, "అక్కా, రేపు నువ్వు నాతో వస్తున్నావు" అంది. అడగడం కాదు, చెప్పడం. నా పప్పు నానబోసుకునే పని ఆవిడకి పట్టదు.

మర్నాడు బస్సులో కండక్టరు ఆడవాళ్ళకి ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు ఇచ్చాడు. తనది మడిచి జాకెట్‌లో పెట్టుకుంటూ అంది: "నీళ్ళు రాకపోతే మనం ఏం చేస్తాం అక్కా? ముందు మన మడి గండి చూసుకుంటాం. తరవాత పంటబోదె. ఆ తరవాతే కాలవ మీద తూము. ఒకేసారి రెండు కదిపామా, తప్పెక్కడుందో ఇక ఆ దేవుడికే తెలియాలి. ఇవాళ ముందు నా గండి చూసుకుంటాను."

కాలవ చివర సేద్యం చేసేవాళ్ళకి నీళ్ళు రాకపోవడం అలవాటే. మిగతావాళ్ళు ఎగువ రైతుల్ని తిట్టుకుంటూ బండెక్కి నేరుగా తూము దగ్గరికి పోతారు. ఈవిడ మాత్రం పార భుజాన వేసుకుని తన మడి దగ్గర మొదలుపెట్టి పైకి నడుస్తుంది.

క్లబ్బుకి వెళ్ళగానే, మేఘ రైఫిల్ ఒకసారి ఇమ్మని కుసుమ అడిగింది. ఆ పిల్ల మారు మాట్లాడకుండా ఇచ్చింది. కుసుమ పడుకుంది, కొట్టింది, లేచింది. కాగితం మీద చిల్లులన్నీ ఒక ఉసిరికాయ పెడితే కప్పుకుపోతాయి.

"కళ్ళున్నాయా, పోయాయా సార్?" అంది.

గురురాజ్ సారు నవ్వాడు. "ఉన్నయ్ మేడమ్, ఉన్నయ్! అయితే బారెలే ఖరాబు. వాపస్ పంపిద్దాం."

పంపితే ఎంపికలోపు రాదు. మేఘ రైఫిల్ మేఘకే కావాలి. పైగా పక్కన నిలబడ్డ కిష్టయ్య మొహం మాడిపోయింది.

"గిట్లనకండి సార్. నేను బిగించిన దినం మంచిగ కొట్టింది. మీరు గూడ చూసిండ్రు గద."

కుసుమ చటుక్కున అటు తిరిగింది. "బిగించిన రోజున బాగా కొట్టిందా బాబాయ్?"

"కొట్టిందమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

"అయితే బారెల్ మంచిదే. మీ చెయ్యీ మంచిదే. ఆ రోజు లేనిదేదో తరవాత వచ్చింది. అదేంటో చూద్దాం."

నేను గోడ పక్కన కుర్చీలో కూర్చుని వాళ్ళ తంతు చూస్తూనే ఉన్నాను. కుసుమ తన రైఫిల్లో వేరే డబ్బాలోని తూటాలు వేసి కొట్టింది. మళ్ళీ అదే పైకి పాకడం. గురి చూసే బిళ్ళల మరలు కిష్టయ్య తడిమి చూశాడు, కదల్లేదు. బారెల్ కింది చెక్కకి బిగించిన మరలూ గట్టిగానే ఉన్నాయి. బారెల్ మూతి దగ్గర గీత పడిందేమోనని భూతద్దం పెట్టి చూశారు. నిగనిగలాడుతోంది. ఒక్కొక్కటీ చూసి, మళ్ళీ కొట్టి, మళ్ళీ చూసి. నాకు ఆకలి దంచేస్తోంది. "పొద్దున తిన్న ఇడ్లీ ఎప్పుడో అరిగిపోయింది తల్లీ" అన్నాను. వినిపిస్తేగా!

"బాబాయ్, చల్లగా ఉన్నప్పుడు సరిగ్గానే పడుతోంది. వేడెక్కితే పైకి పోతోంది. కింద నుంచి ఏదో తోస్తున్నట్టుంది" అంది చివరికి.

కిష్టయ్య గడ్డం రుద్దుకున్నాడు. "కింద ఏముంటదమ్మా? బారెలు చెక్కకు తాకొద్దు. అందుకనే సందు ఇడిచిపెట్టిన. ఖాళీ జాగనే."

"ఖాళీయేనా?" అని కుసుమ జాకెట్‌లోంచి జీరో టికెట్ తీసింది. కిష్టయ్య రైఫిల్‌లో తూటా లేదని చూసి బోల్టు లాగేశాడు. ఆవిడ టికెట్‌ని బారెల్ కింద నుంచి చుట్టి, రెండు కొసలూ పట్టుకుని, చెక్కకీ బారెల్‌కీ మధ్య మెల్లగా జరుపుకుంటూ పోయింది. టికెట్ జారింది, జారింది. మధ్యలో ఆగిపోయింది. ఇంకొంచెం లాగితే చిరిగింది.

కిష్టయ్య మరలు విప్పి చెక్క నుంచి బారెల్‌ని పైకెత్తాడు. చెక్క గాడి అడుగున, నేతికి అంటుకుపోయి, పసుప్పచ్చగా ఒక బియ్యపు గింజ.

గురురాజ్ సారు వంగి చూశాడు. మేఘ వంగి చూసింది. నేను ఆకలి మరిచిపోయి లేచొచ్చాను. కుసుమ ఆ గింజని గోటితో లేపి, అరచేతిలో వేసుకుని వెలుతురుకి పట్టింది.

"మన సోనామసూరే అక్కా!"

ఇక నవ్వాగితే ఒట్టు. కిష్టయ్య అయితే కళ్ళు తుడుచుకున్నాడు. "పందులు పంట పాడు చేస్తయని రైతులు తుపాకి పడ్తరు. మీ పంటనే తుపాకిని పట్టింది గద తల్లీ!"

ఇంకొకరైతే సిగ్గుతో చచ్చేవాళ్ళు. మా కుసుమ తల ఎత్తుకునే చెప్పింది, అందరికీ వినబడేలా: "పూజకి నేయి పోసి అక్షింతలు కలిపింది నేను. దోసెడు పోసింది నేను. కళ్ళది కాదు, బారెల్‌ది కాదు, కిష్టయ్య బాబాయ్ చేతిది అసలే కాదు. తప్పు నాది. పట్టుకున్నదీ నేనే."

గాడి తుడిచి మళ్ళీ బిగించారు. ఈసారి బారెల్ ఎంత వేడెక్కినా గుండ్లు పాకలేదు. ఎంపిక రోజున కూడా అంతే. ఫలితాల్లో కుసుమ పేరు చదివినప్పుడు ముందు చప్పట్లు కొట్టింది మేఘే. గురురాజ్ సారు మా మరిదితో, "మీ మేడమ్ కండ్లు మాకు గూడ ఉంటే బాగుండు" అన్నాడు. ఆ మాట మా మరిది ఇప్పటికి క్యాంపంతా చెప్పుకున్నాడు. మళ్ళీ మొదలుపెడతాడు కూడా. చెప్పుకోనీ. నాకు మాత్రం తక్కువ గర్వమా?

బెంగుళూరు బయల్దేరే రోజున రైఫిల్ పెట్టె గుమ్మం దగ్గర పెట్టింది. నేను పళ్ళెంలో అక్షింతలు తీసుకుని వస్తుంటే మా మరిది గావుకేక పెట్టాడు. "వదినా! పెట్టె దగ్గరికి తేవద్దు!"

"నాకు తెలీదా? దాని జోలికి ఒక్క గింజ పోయినా మీ ఆవిడ నన్ను బతకనిస్తుందా?" అన్నాను.

కుసుమ పెట్టెని బయట అరుగు మీదికి జరిపింది. తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది. మా ఇంటికి కోడలుగా వచ్చిన రోజు తప్ప నా ముందు తల వంచింది లేదు ఆ మనిషి. ఆ రోజు వంచింది. పాపిట దగ్గర నెరిసిన వెంట్రుకలు కనిపించాయి. నా కళ్ళు చెమర్చాయి, దాచడమెందుకు.

"ఇక్కడ వెయ్యి అక్కా" అంది. "ఇక్కడెన్ని ఇరుక్కున్నా గురి తప్పదు."

పళ్ళెంలో ఉన్నవన్నీ వేసేశాను.