పారబోయలేని నీళ్లు

ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన మేము కారు వాష్ తీసుకున్నాక వచ్చిన మొదటి చలికాలం అది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రోజుల్లోనే, ఆ ఉప్పుకు తుప్పు పడుతుందని జనం కార్లు ఎక్కువ కడిగించుకుంటారు. ఏడాది బతుకంతా ఆ కొద్ది నెలల మీదే. షాపు అమ్మిన జర్మన్ ముసలాయన ఒకటే మాట చెప్పి వెళ్లాడు: గడ్డకట్టే చలి వస్తుందంటే పంపు, పైపులు, ట్యాంకు ఖాళీ చేసిగానీ ఇంటికి పోవద్దని.

చలి కబురు ఫోన్‌లో చూసి ఆ సాయంత్రం మా ఆయనకు గుర్తు చేశాను.

"గా పెద్దమనిషి చెప్పింది యాదికున్నదా? నీళ్లన్నీ ఇడిసిపెట్టాలె."

"ట్యాంకు నిండుగున్నదే. గిన్ని మంచినీళ్లు మోరీల పారబోయనీకి చేతులెట్లొస్తయి?"

"ఇది మీ నల్లగొండ కాదయ్యా."

"నీళ్లు యాడైనా నీళ్లే."

బోర్లు ఎండిన ఊళ్లో బిందె పట్టుకుని ట్యాంకరు వెంట పరుగెత్తి పెరిగిన మనిషి. ఇంట్లో ఉన్న పాత దుప్పట్లన్నీ తెచ్చి, పసిబిడ్డకు చుట్టినట్టు పంపుకు, పైపులకు చుట్టి తాళ్లతో కట్టాడు.

తెల్లారి వెళ్లేసరికి దుప్పట్లు చెక్కల్లా బిగుసుకున్నాయి. విప్పి చూస్తే పంపు నిలువునా పగిలి ఉంది. కొత్తది కొనే దారి మాకు లేదు. ఉప్పుతో తెల్లబడిన కార్లు వచ్చి, కాసేపు ఆగి, వెనక్కి తిరిగిపోతున్నాయి.

మా ఆయన పగిలిన పంపులోంచి మంచు పెళ్లలు ఏరి బకెట్లో వేస్తున్నాడు.

"అవెందుకయ్యా ఇంక?"

"కరిగినంక పనికొస్తయే," అన్నాడు తలెత్తకుండా.

నేను గేటు మూయడానికి వెళ్లాను.