అవతలి గట్టు మనిషి

సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. నవంబరు నెల. మోకాలి దాకా మంచు. లారీ దిగి నాలుగు గంటలు నడిచాను. వీపున ఇరవై రెండు కిలోల సామాను, భుజాన రైఫిలు. ఉదయగిరి ఎండల్లో పెరిగినవాణ్ణి. ఆ తెల్లదనానికి కళ్ళు మండాయి.

కింద నది. నదికి అవతల వాళ్ళ పోస్టు. మధ్య దూరం రెండు వందల మీటర్లు. వాళ్ళు బట్టలు ఆరేసుకోవడం కూడా కనిపించేది. మా బంకరులో ఐదుగురం. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆర్నెల్లు నా భాష నా లోపలే ఉండిపోయింది.

మా పెద్ద ఒక పంజాబీ హవల్దారు. దేశం రెండుగా చీలినప్పుడు అతని తాత అవతలి నుంచి పారిపోయి వచ్చాడు. తాత అన్నదమ్ములిద్దరు ప్రాణాలతో రాలేదు. హవల్దారు మాటను నా తెలుగులో చెబుతున్నాను: "వాళ్ళు నవ్వితే ఇంకా భయపడాల. పాలు తాగే వయసు నుంచీ మా ఇంట్లో విన్న మాట ఇది."

ఏప్రిల్లో మంచు కరిగి నది పొంగింది. ఒక ఉదయం ఆరుంబావుకు మా వైపు రాళ్ళ మధ్య ఒక శవం ఆగింది. ముసలివాడు. రేడియో ఆపరేటరు పైకి కబురు పంపాడు. పదకొండు గంటలకు జవాబు వచ్చింది. అవతలి ఊరి మేకల కాపరి. నది మీది వంతెన మధ్యలో అప్పగించాలి. నలుగురు వెళ్ళాలి. మాటలు వద్దు, సైగలు వద్దు.

"బాంబు కట్టి వదిలుంటారు. ఎవరూ ముట్టుకోబాకండి" అన్నాడు హవల్దారు. తనే వెదికాడు. జేబులో తడిసిన రొట్టెముక్క దొరికింది. దాన్ని చాలాసేపు చూసి మళ్ళీ ఆ జేబులోనే పెట్టాడు. తన కంబళి తెచ్చి శవానికి చుట్టాడు.

వంతెన మధ్యలో వాళ్ళ అధికారి, ఒక సుబేదారు, కంబళి విప్పాడు. వేళ్ళు లెక్కపెట్టాడు. చెవులు చూశాడు. పక్కనే ముసలివాడి తమ్ముడు ఏడుస్తున్నాడు.

సుబేదారు తల దించుకుని పంజాబీలోనే అన్నాడు: "మీరు కోసి పంపుతారని మా తాత చెప్పేవాడు."

హవల్దారు ఆర్డరు మరిచిపోయాడు. "మీ తాతది ఏ ఊరు?"

సుబేదారు చెప్పాడు. అది మన వైపు ఊరు. హవల్దారు ఇంటికి మూడు మైళ్ళు. ఆ తాత కూడా పారిపోయినవాడే, ఇటు నుంచి అటు.

ఆ పూట హవల్దారు తిండి ముట్టలేదు. "వాళ్ళని నమ్మమంటావా?" అని నన్ను అడిగాడు. పది రోజులకు అటు నుంచి కాల్పులు మొదలయ్యాయి. మేమూ కాల్చాము.

సర్వీసు ముగించుకుని ఆత్మకూరులో బస్సు దిగాను. టీ అంగడి ఓబులయ్య మామ గ్లాసు చేతికిచ్చి అడిగాడు.

"ఏంరా అల్లుడా, వాళ్ళు నిజంగా అట్టాంటోళ్ళేనా?"

"ఎట్టాంటోళ్ళు మామా?"

"మనుషులే కాదంట గదా. ఏడుపనేది తెలీదంట."

"ఒక శవాన్ని అప్పగించినాను మామా. ఏడ్చినారు."

"నువ్వు చిన్నప్పటి నుంచీ మెత్తనోడివే" అని మామ గ్లాసులు కడగబోయాడు.

ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను.

మామకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు అందరూ వెనుదిరిగాక, ముసలివాడి తమ్ముడు వంతెన అవతలి కొసన ఆగి, వెనక్కి తిరిగి, నా వైపు చెయ్యెత్తాడు. నా చెయ్యి రైఫిలు పట్టీ మీద ఉంది. తీయలేదు. అతను చెయ్యి దించకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు.