చలపతిరావు గారి తప్పుల తనిఖీ

చలపతిరావు గారు ఏ వస్తువునైనా ముందు దానితో ఓ తప్పు చేసి చూడనిదే కొనరు. బాగా పనిచేస్తుందా అన్నది ఆయనకు రెండో ప్రశ్న. "మనం తప్పు చేస్తే ఏమంటుంది?" అన్నది మొదటిది.

కొండాపూర్‌లో మిక్సీ కొనబోయి, మూత తిరగేసి పెట్టి స్విచ్ నొక్కారు. షాపువాడు గుండె పట్టుకున్నాడు. మిక్సీ మాత్రం కిక్కురుమనలేదు. "మంచి స్వభావం. ప్యాక్ చెయ్యండి," అన్నారు. రాయదుర్గం మెట్రో గేటుకి మెట్రో కార్డు బదులు రేషన్ కార్డు చూపించి, "తలుపు తియ్యలేదు గానీ తిట్టలేదండీ!" అని వెనక నిలబడ్డవాళ్లకి మెచ్చుకోలుగా చెప్పారు. ఆ లోటు వాళ్లు తీర్చారు.

కూతురు వాసంతికి సంబంధం చూడబోయి పెళ్లికొడుకు తెల్లచొక్కా మీద కాఫీ ఒలకబోశారు. కుర్రాడు చొక్కా దులుపుకుంటూ, "పర్లేదండీ, ఎలాగూ చల్లారిపోయింది," అన్నాడు. ఉద్యోగం, జీతం అడక్కుండానే ముహూర్తం పెట్టించేశారు.

తన ఆఫీసులో లెక్కలు చూసే ఇలాంటి మనిషికి కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎంపిక చేసే పని అప్పగించాడు శివశంకర్. హైటెక్ సిటీ ఆఫీసులకు కుండీల్లో మొక్కలు అద్దెకిచ్చే వ్యాపారం అతనిది. ఏ మొక్క ఏ టవర్లో, ఏ అంతస్తులో ఉందో కంప్యూటర్లో ఎక్కించేది ప్రవీణ. ఇంటర్ మధ్యలో చదువాగిపోయిన పిల్ల. నోరు పెగలదు గానీ కళ్లు దేన్నీ వదలవు. ఓసారి ఆమె పొరపాటు వల్ల ముళ్లమొక్కలు ఓ ఆఫీసులో పసిపిల్లలు ఆడుకునే గదికి వెళ్లిపోయాయి.

"కొత్త సాఫ్ట్‌వేర్ రానీ పాపా," అన్నాడు శివశంకర్. "అది నీ చేత అయితే ఉంటావు. కాకుంటే ఇంకొకర్ని చూసుకుంటా."

అప్పట్నుంచి ప్రవీణకు అన్నం సయించడం లేదు.

అమ్మడానికి వచ్చిన ఉదయ్ భాస్కర్ టై సర్దుకుని, తన సాఫ్ట్‌వేర్‌ని కన్నకూతుర్ని పొగిడినట్టు పొగిడాడు. చలపతిరావు గారు ఆవులించి, కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. అంతస్తు రాయాల్సిన గడిలో తేదీ కొట్టారు. తెర ఎర్రబడింది.

"సార్, అక్కడ అలా కొట్టకూడదు!"

"కొట్టకూడదని నాకూ తెలుసండీ. అందుకే కొట్టాను."

తర్వాత సేవ్ నొక్కి, అయిందో లేదోనని అనుమానపడ్డట్టు మొహం పెట్టి మళ్లీ నొక్కారు. పక్కన కూర్చున్న ప్రవీణ ఉలిక్కిపడింది. అవి తన తప్పులే. ఎవరూ చూడలేదనుకుని గుట్టుగా దిద్దుకున్నవి. మూడో తప్పుకి సాఫ్ట్‌వేర్ కీచుమని అరిచి తాళం వేసుకుంది. వెంటనే ఎదురుగా కూర్చున్న శివశంకర్ ఫోన్ మోగింది.

"తప్పు చేసినోళ్ల పేరు నేరుగా మీకే వస్తుంది సార్!" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"ఇదీ సాఫ్ట్‌వేరంటే! ఇదే కొందాం," అన్నాడు శివశంకర్. ప్రవీణ మొహంలో నెత్తురు లేదు.

"అలాగేనండీ," అన్నారు చలపతిరావు గారు. "మీ చేత్తో కూడా ఓసారి ముహూర్తం చేసెయ్యండి."

శివశంకర్ తన పేరుతో ఓ ఖాతా తెరిపించుకుని హుషారుగా కూర్చున్నాడు. టవర్ పేరు అంతస్తు గడిలో కొట్టాడు. ఎర్రబడింది. కోపంతో ఇంకోటి కొట్టాడు. ఆ కోపంలోనే మూడోది. కీచుమంది. 'మీ ఖాతాకు తాళం పడింది. మీ పై అధికారిని సంప్రదించండి' అని తెర మీద వచ్చింది.

"నా కంపెనీలో నాకే తాళమేస్తాదా? నా పైన ఎవురున్నారు సామీ?"

"దేవుడేనండీ. ఆయన నంబర్ ఉదయ్ భాస్కర్ గారి దగ్గరుందేమో."

"దీనికి కోపం శానా ఎక్కువబ్బా! వద్దు, తీస్కపొమ్మను!"

చివరికి కొన్నది పేరూ ఊరూ లేని ఓ సాదా సాఫ్ట్‌వేర్. మొదటిరోజే ప్రవీణ అంతస్తు గడిలో తేదీ కొట్టింది. వెనక నుంచి చలపతిరావు గారు తొంగిచూశారు.

"ఏమంటోందమ్మా?"

"ఏమంటలేదు సార్. 'ఇది తేదీలా ఉంది, ఒక్కసారి చూసుకోండి' అంటుంది."

"పెద్దింటి పిల్లలా ఉంది."

ప్రవీణ ధైర్యం కూడదీసుకుంది. "సార్... ఆ రోజు మీరు చేసిన తప్పులన్నీ నావే కదా?"

"నీవేమిటి? ఇన్నాళ్లూ నీ వెనక నిలబడి కష్టపడి నేర్చుకున్నాను." ఆయన కుర్చీ లాక్కుని ఆశగా కూర్చున్నారు. "కొత్తవేమైనా ఉంటే చెప్పమ్మా. వచ్చేవారం జీతాల సాఫ్ట్‌వేర్ చూడాలి."